చెప్పని చోటు ఫోనుకు ఎలా తెలిసింది?

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. ఆయనకు నలభై దాటాయి. భార్య, హైస్కూల్లో చదివే కొడుకు ఉన్నారు. ఆయన పనిచేసే సంస్థ ఒక విభాగాన్ని మొత్తంగా మూసివేయడంతో కొన్ని నెలల క్రితం ఉద్యోగం పోయింది. వేరే ఉద్యోగం దొరికాక చెబుదామనుకొని ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. రోజూ పాత వేళకే బయలుదేరి, పాత ఆఫీసుకు ఎదురు దిక్కున ఉన్న ఒక లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చొని దరఖాస్తులు పంపుకొని, పాత వేళకే ఇంటికి వస్తున్నారు.

ఆ లైబ్రరీ చిరునామాను ఆయన ఫోనులో ఎన్నడూ టైపు చేయలేదు. ఎవరికీ మెసేజ్ పెట్టలేదు. అయినా ఒక సోమవారం ఉదయం, ఫోను భార్య చేతిలో ఉండగా, తెర మీద "లైబ్రరీకి 18 నిమిషాలు, ట్రాఫిక్ తక్కువగా ఉంది" అని వచ్చింది. ఏదో పొరపాటు అని ఆయన నవ్వేసి ఊరుకున్నారు. కొన్నాళ్లకు కొడుకు నాన్న ఫోనులో మ్యాప్ తెరిచి ఏదో దారి వెతుకుతూ, క్రితం రోజు ఆయన అయిదు గంటల పాటు ఒక లాడ్జిలో ఉన్నట్లు చూపించడం గమనించి, వింతగా ఉందని తల్లికి చూపించాడు. ఆ లాడ్జి లైబ్రరీ గోడకు ఆనుకొనే ఉంది. ఆయన మాత్రం అందులో ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆ సాయంత్రం నుంచి భార్య ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, మాట్లాడడం మాత్రం బాగా తగ్గించింది.

ఆయన అడిగినవి ఇవి: "నేను చెప్పని చోటు ఫోనుకు ఎలా తెలిసింది? నా భార్య గాని నా ఫోనులో నిఘా యాప్ పెట్టించిందా? లొకేషన్ ఆపేసి, పాత రికార్డు చెరిపేస్తే సరిపోతుందా? లేక ఫోను ఎక్కడైనా వదిలేసి వెళ్లాలా? ఉద్యోగం పోయిన సంగతి ఇప్పుడు చెబితే, లాడ్జి సంగతి కప్పిపుచ్చడానికి అల్లిన కథ అనుకోదా?" చివర్లో మరొకటి: పాత సంస్థ వారి హాజరు యాప్ ఇంకా ఫోనులోనే ఉందట, దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా అని.

ముందుగా భార్య మీద మీకు కలిగిన అనుమానం సంగతి తేల్చుకుందాం. మీరు రాసిన వివరాల్లో దానికి ఆధారం నాకు కనిపించలేదు. ఎవరి మీదైనా నిఘా పెట్టినవారు, తమకు తెలిసిన సంగతి ఆ మనిషి ఫోను తెర మీదే కనబడేలా ఏర్పాటు చేసుకోరు. అలాంటి యాప్‌లు గుట్టుగా చూసి, సమాచారాన్ని వేరే చోటికి చేరవేస్తాయి. మీ ఫోను తాను నేర్చుకున్నదాన్ని మీకే సాయంగా చెప్పబోయింది, ఆ క్షణంలో అది మీ భార్య చేతిలో ఉంది, అంతే. అయినా మనసు కుదుటపడకపోతే ఒక అయిదు నిమిషాలు వెచ్చించండి. ఆండ్రాయిడ్ ఫోనయితే సెట్టింగ్స్‌లో లొకేషన్ విభాగానికి వెళ్లి, ఏ యాప్‌లకు ఎల్లవేళలా అనుమతి ఉందో చూడండి. తెర మీద ఉన్నదాన్ని చదవగలిగే యాక్సెసిబిలిటీ అనుమతులు, ఫోను మీద అధికారం ఉండే డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితాల్లో మీరు ఎరగని పేరు ఏదైనా ఉందేమో గమనించండి. ఐఫోనయితే, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి సేఫ్టీ చెక్ అనే ఏర్పాటు ఉంది. మీ సమాచారం ఎవరితో, ఏయే యాప్‌లతో పంచుకోబడుతోందో అది ఒకే చోట చూపిస్తుంది. అక్కడ ఏమీ దొరకకపోతే ఈ అనుమానాన్ని అక్కడితో వదిలిపెట్టండి. ఇంట్లో ఇప్పటికే ఒకరు మరొకరిని అనుమానిస్తున్నారు, అది చాలు.

ఇక అసలు ప్రశ్న. మనిషికి ముఖ్యమైన చోట్లను యంత్రం తనంతట తానే నేర్చుకోవాలన్న ఆలోచన నేటి స్మార్ట్‌ఫోన్ల కన్నా పాతది. 2000 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో నటాలియా మర్మాస్, క్రిస్ ష్మాండ్ట్ అనే పరిశోధకులు ఒక వ్యవస్థను తయారుచేసి, జీపీఎస్‌కు ఉన్న లోపాన్నే అందులో ఆధారంగా వాడుకున్నారు. ఉపగ్రహాల సంకేతం భవనాల లోపలికి సరిగా అందదు. కాబట్టి ఒకే ప్రాంతంలో సంకేతం మూడు వేర్వేరు సందర్భాల్లో పోయిందంటే, అక్కడ ఈ మనిషి తరచూ వెళ్లే భవనం ఏదో ఉందని ఆ వ్యవస్థ అనుకొని, దానికి పేరు పెట్టమని అడిగేది. మరో రెండు మూడేళ్లకు అక్కడిదే అయిన జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో డేనియల్ యాష్‌బ్రుక్, థాడ్ స్టార్నర్ ఇంకో అడుగు ముందుకు వేశారు. జీపీఎస్ రికార్డులో 10 నిమిషాలో అంతకు మించో ఖాళీ కనబడితే దాన్ని మనిషి ఆగిన చోటుగా లెక్కించి, అలాంటి చోట్లలో దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఒక గుంపుగా కలిపి, ఒక గుంపు నుంచి మరో గుంపుకు వెళ్లే అవకాశం ఎంతో గణించారు. మీరు సోమవారం ఉదయం తెర మీద చూసిన సూచన వెనక ఉన్న తర్కం స్థూలంగా ఇదే. ఆగిన చోట్లు పోగుచేయడం, అవి ఏ వేళల్లో వస్తున్నాయో చూడడం, తర్వాత ఎక్కడికో ఊహించడం.

నేటి ఫోను అప్పటి యంత్రం కన్నా చాలా ఎక్కువ గమనిస్తుంది. మీ మామూలు ఉదయాన్ని ఒకసారి దాని వైపు నుంచి చూడండి. రాత్రంతా కదలకుండా ఒకే చోట, ఒకే వైఫైకి కలిసి ఉన్న ఫోను ఒక వేళకు మీ జేబులోకి చేరుతుంది. లోపలి కదలికల సెన్సర్‌కు ముందు నడక, తర్వాత వాహనపు అదురు తెలుస్తాయి. కారులోని బ్లూటూత్‌తో కలిసి ఉన్నట్లయితే, ఇంజను ఆపగానే ఆ బంధం తెగుతుంది. కారు నిలిపిన చోటు అదేనని ఫోను గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ కాసిన్ని అడుగులు, మెట్లు. ఆపైన ఫోను ఒక బల్ల మీద వెల్లకిలా పడుకొని గంటల తరబడి కదలదు. ఆ గంటల్లో జీపీఎస్‌ను ఆపకుండా నడిపితే బ్యాటరీ నిలవదు కాబట్టి, అది చుట్టుపక్కల వైఫై పెట్టెల గుర్తింపు సంఖ్యలను, సెల్ టవర్లను ఆనవాళ్లుగా తీసుకుంటుంది. మీరు లైబ్రరీ వైఫైకి ఎన్నడూ కలవకపోయినా, ఆ పెట్టెలు తమ ఉనికిని చాటుతూనే ఉంటాయి, ఫోను వింటూనే ఉంటుంది. నిన్న విన్న గుర్తులే నేడూ అదే వేళకు వినిపిస్తే, ఇది నిన్నటి చోటే.

రాత్రుళ్లు ఎక్కువసేపు గడిచే చోటు ఇల్లు, పనిరోజుల్లో పగటిపూట ఎక్కువసేపు గడిచే చోటు పనిచేసే స్థలం అన్నది ఇలాంటి వ్యవస్థలు సాధారణంగా పాటించే లెక్క. మీ పాత ఆఫీసు వారాల తరబడి ఆ రికార్డులో కనబడకుండా పోయింది. దాని స్థానంలో అవే రోజులకు, అవే గంటలకు మరో చోటు వచ్చి చేరింది. సెలవు రోజుల్లో మీరు అటు వెళ్లరు, కాబట్టి లెక్క మరింత బలపడింది. ఇంట్లో ఇంకా చెప్పని మార్పును ఫోను తన పద్ధతిలో నమోదు చేసుకొంది: దాని దృష్టిలో మీరు ఆఫీసు మారారు. మీరు పాత వేళలను అంత నిష్ఠగా పాటించడమే దాని పనిని సులువు చేసింది. రోజుకో చోట, రోజుకో వేళకు కూర్చొని ఉంటే దానికి ఇంకొంత కాలం పట్టేది. ఈ విషయంలో మీరొక్కరే ప్రత్యేకం కాదు లెండి. లక్ష మంది మొబైల్ వినియోగదారుల కదలికలను పరిశీలించి 2008లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో ప్రచురించిన అధ్యయనం, మనుషులు తమ కాలంలో ఎక్కువ భాగం కొద్దిపాటి చోట్లకే మళ్లీ మళ్లీ వెళుతూ గడుపుతారని చూపింది.

ఇప్పుడు లాడ్జి సంగతి. దీన్ని మీరు బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మీ ఇంట్లో మౌనానికి కారణం లైబ్రరీ కాదు. ఫోనుకు తెలిసినది భూగోళం మీద ఒక బిందువు, దాని చుట్టూ కొంత అనిశ్చితి. ఆకాశం బాగా కనబడే ఆరుబయట మామూలు ఫోను జీపీఎస్ 5 మీటర్ల దరిదాపుల్లో చెప్పగలదు. గోడలు, కప్పులు, ఎత్తయిన భవనాలు అడ్డువస్తే ఆ తేడా పదుల మీటర్లకు పెరుగుతుంది. మీరు లైబ్రరీలో లాడ్జి వైపు గోడకు దగ్గరగా కూర్చున్న రోజున, ఆ అనిశ్చితి గీసే వలయంలో రెండు భవనాలూ పడతాయి. అప్పుడు యాప్ తన వద్ద ఉన్న స్థలాల జాబితాను తెరిచి, దూరాన్ని, వేళను, ఇతర సూచనలను బేరీజు వేసి, ఎక్కువ అవకాశం ఉందనిపించిన పేరును తగిలిస్తుంది. అంటే మీ రికార్డులో ఉన్న "అయిదు గంటలు" చాలావరకు కొలత, "లాడ్జి" మాత్రం ఊహ. తెర మీద రెండూ ఒకే అక్షరాల్లో, ఒకే నమ్మకంతో కనబడడం ఈ యాప్‌ల రూపకల్పనలో ఉన్న పెద్ద లోపమని నా అభిప్రాయం. "ఇక్కడో, పక్కనో ఉండవచ్చు" అని రాసి ఉంటే మీ ఇంట్లో ఇంత జరిగేది కాదు.

మీరు ఏ కంపెనీ ఫోను వాడుతున్నారో రాయలేదు. మీ అబ్బాయి చూసినది, వెళ్లిన చోట్లను రోజువారీగా చూపే గూగుల్ మ్యాప్స్‌లోని టైమ్‌లైన్ అయి ఉండాలి. ఆండ్రాయిడ్‌లోనూ, ఐఫోన్‌లోనూ అది ఉంటుంది. ఫోను సొంతదారు ఒప్పుకోకుండా అది మొదలుకాదు. ఫోను కొన్న కొత్తలో ఏదో తెర మీద "ఆన్" అన్న బొత్తాన్ని చదవకుండా నొక్కి ఉంటారు, అందరమూ అలాగే నొక్కుతాం. ఈ రికార్డు ఒకప్పుడు గూగుల్ సర్వర్లలో ఉండేది. దాన్ని ఎవరిది వారి ఫోనులోనే ఉంచుతామని, కొత్తగా ఆన్ చేసుకునేవారికి మూడు నెలలు దాటినది దానంతటదే చెరిగిపోయేలా చేస్తామని ఆ సంస్థ 2023 డిసెంబరులో ప్రకటించింది. ఐఫోన్‌లో దీనికి తోడు తరచూ వెళ్లే చోట్లను గుర్తుపెట్టుకునే సిగ్నిఫికెంట్ లొకేషన్స్ అనేది మరొకటి ఉంటుంది. 2013లో ఐఓఎస్ 7తో ఫ్రీక్వెంట్ లొకేషన్స్ అన్న పేరుతో మొదలైంది. దానిలోని సమాచారం తామూ చదవలేని విధంగా సంకేతభద్రతతో ఉంటుందని ఆపిల్ చెబుతుంది. కంపెనీల సంగతి అలా ఉంచితే, ఇంట్లోవారికి మాత్రం ఇవన్నీ ఒక్క తెర దూరంలోనే ఉంటాయి. మీ ఫోను తాళం మీ భార్యకూ, అబ్బాయికీ తెలుసు. ఎక్కడో ఉన్న సర్వరు నుంచి కాపాడే ఏర్పాటు, చేయి చాచి ఫోను అందుకునే మనిషి ముందు పనికిరాదు. పనికిరావాలని కోరుకోవడం కూడా సబబా అన్నది మీరే ఆలోచించుకోవలసిన సంగతి.

మీ ముందు ఉన్న మార్గాలను ఇప్పుడు చూద్దాం. మొదటిది, లొకేషన్‌ను పూర్తిగా ఆపివేయడం. అలా చేస్తే కొత్తగా నేర్చుకోవడం ఆగుతుంది. దాంతోపాటు దారి చూపడం, వాహనం పిలిపించుకోవడం, పోయిన ఫోను వెతకడం వంటివి కూడా ఆగిపోతాయి లేదా కుంటుపడతాయి. టవర్లకు కలిసినంత కాలం ఫోను ఏ ప్రాంతంలో ఉందో మొబైల్ నెట్‌వర్కుకు ఎలాగూ తెలుస్తుంది. కుటుంబ సభ్యులు ఒకరి లొకేషన్ ఒకరు చూసుకొనే ఏర్పాటు మీ ఇంట్లో ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే గనక, ఆ రోజు నుంచి మీ పేరు పక్కన "లొకేషన్ అందుబాటులో లేదు" అని వస్తుంది. లాడ్జి పేరు చూసిన మనిషికి ఆ ఖాళీ ఏం చెబుతుందో ఊహించండి. ఒక్క మీట నొక్కితే అన్నీ ఆగిపోతాయన్న నమ్మకం కూడా వద్దు. లొకేషన్ హిస్టరీని (టైమ్‌లైన్‌ను నడిపే సెట్టింగ్‌కు అప్పటి పేరు) ఆపివేసినా, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ అనే వేరే సెట్టింగ్ ద్వారా గూగుల్ కొన్ని లొకేషన్ వివరాలు నిల్వ చేస్తూనే ఉందని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ వ్యవహారం మీద అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఆ సంస్థ 2022 నవంబరులో ఒప్పుకొంది. సాంకేతిక రంగాన్ని అనుదినం గమనించేవారే తికమకపడిన చోట, మీరు తొందరలో రెండు మీటలు నొక్కి అంతా సర్దుకున్నాననుకోవడం ప్రమాదం.

రెండవది, రికార్డు చెరపడం. టైమ్‌లైన్‌లో ఒక సందర్శనను గాని, ఒక రోజును గాని, మొత్తాన్ని గాని తొలగించవచ్చు. ఐఫోన్‌లో సిగ్నిఫికెంట్ లొకేషన్స్ చరిత్రను మొత్తంగా చెరపవచ్చు. అయితే అలవాటు మారకుండా రికార్డు మాత్రమే చెరిపితే, ఫోను మళ్లీ మొదటి నుంచి గమనించి మళ్లీ అదే చోటికి వస్తుంది, ఎందుకంటే మీరు మళ్లీ అక్కడికే వెళ్తారు. అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. మీరు లాడ్జికి వెళ్లలేదని చెప్పగల సాక్ష్యం ఏదైనా ఉంటే అది ఆ రికార్డులోనే ఉంది. వారాల తరబడి లైబ్రరీ పేరుతో, అవే వేళలతో ఉన్న రోజుల మధ్య ఒకటో రెండో రోజులు పక్క భవనం పేరుతో ఉన్నాయన్నది మొత్తం కలిపి చూసినప్పుడే అర్థమవుతుంది. లాడ్జి పేరున్న రోజునొక్కదాన్నే తీసేస్తే దోషి చేసే పనిలా కనబడుతుంది. మొత్తం తీసేస్తే మీ పక్షాన మాట్లాడేది ఏదీ మిగలదు. అందుకని ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగానే చెబుతున్నాను: ఇప్పుడు ఏమీ చెరపకండి. పాతవి దానంతటదే చెరిగిపోయే గడువు ఎంత పెట్టి ఉందో కూడా ఈ రోజే చూసుకోండి.

మూడవది, ఫోనును ఎక్కడైనా వదిలి వెళ్లడం. దీన్ని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రోజంతా కదలని ఫోను కూడా ఒక రికార్డే. ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న మీకు ఏ గంటలో ఏ పిలుపు వస్తుందో తెలియదు, దాన్ని పోగొట్టుకోవడం మీకు అందరికన్నా ఎక్కువ నష్టం.

నాలుగవది, చెప్పడం. ఇందులోనూ ఒకటి కన్నా ఎక్కువ పద్ధతులు ఉన్నాయి, వాటి ఫలితాలూ వేరు. కొత్త ఉద్యోగం వచ్చేదాకా ఆగి, అప్పుడు శుభవార్తతో కలిపి చెప్పాలన్నది మీ మొదటి ఆలోచన. లాడ్జి పేరు తెర మీద కనబడకముందు దానికి కొంత అర్థం ఉండేదేమో. ఇప్పుడు మీ భార్య ఎదురుచూస్తున్నది మీ ఉద్యోగవార్త కోసం కాదు. మీరు ఆలస్యం చేసే ప్రతి రోజూ ఆమె మనసులో మరో కథకు బలం చేకూరుస్తుంది. లాడ్జి సంగతి మాత్రమే ఎత్తి, "అది ఫోను పొరపాటు" అని విడిగా వివరించడం ఇంకో పద్ధతి. సాంకేతికంగా అది నిజమే, కానీ ఆమె వేసే తర్వాతి ప్రశ్న "మరి పక్కనున్న లైబ్రరీలో అయిదు గంటలు ఏం చేస్తున్నారు?" అన్నది. దానికి జవాబు సిద్ధంగా లేకుండా మొదటి మాట ఎత్తకండి. సగం నిజం చెప్పి రెండో సగాన్ని ఆమె ప్రశ్నలతో రాబట్టుకోవలసి వస్తే, మొదటి సగం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.

నాకు మేలనిపించేది, ముందు ఉద్యోగం సంగతి, తర్వాత లైబ్రరీ, ఆ తర్వాతే ఫోను. ఆ వరుస ముఖ్యం. ఫోనును ముందు పెట్టి మొదలుపెడితే సంభాషణ జీపీఎస్ లోపాల మీదికి మళ్లి, మీరు వాదిస్తున్నట్లు, ఆమె విచారణ జరుపుతున్నట్లు తయారవుతుంది. నమ్ముతుందా అని అడిగారు. మీ మాటకు తోడుగా చూపడానికి మీ దగ్గర చాలానే ఉంది: సంస్థ ఇచ్చిన ఉద్యోగ ముగింపు లేఖ, లైబ్రరీలో కూర్చొని పంపిన దరఖాస్తుల మెయిళ్లు, వాటి మీద ఉన్న తేదీలు, వేళలు. టైమ్‌లైన్‌లోని వేళలను వాటి పక్కన పెట్టి చూస్తే, లాడ్జి పేరు పడిన ఆ మధ్యాహ్నం కూడా మీరు దరఖాస్తులు పంపుతూనే ఉన్నారని తెలుస్తుంది. అది ఆమె అడిగితే చూపండి, అడగకముందే పత్రాలు పరచి కూర్చోకండి. ఫోను తాళం తీసి ఆమె చేతికి ఇచ్చి, తనకు కావలసిన రోజును తనే తెరిచి చూసుకొనే వీలు కల్పించడం మీరు వేలు పెట్టి చూపించడం కన్నా నయం.

ఇంతా చేసినా ఆమె కోపం వెంటనే తగ్గకపోవచ్చు. లాడ్జి అపోహ తొలగిపోయాక, ఇన్ని నెలలు తనకు చెప్పలేదన్న కష్టం అసలు రూపంలో ముందుకు వస్తుంది, దానికి ఏ రికార్డూ సమాధానం కాదు. "నీకు చెప్పకుండా ఎందుకు దాచాను" అన్నదానికి మీ దగ్గర ఉన్న నిజమైన కారణం ఏమిటో మీరు నాకు కూడా రాయలేదు. "వేరే ఉద్యోగం దొరికాక చెబుదామని" అన్నది ఎప్పుడు చెప్పాలనుకున్నారో తెలుపుతుంది, ఎందుకు దాచారో తెలపదు. భయమా, చిన్నతనమనిపించిందా, ఆమె కంగారుపడుతుందనా? కూర్చొని మాట్లాడే ముందు అది మీకు మీరుగా తేల్చుకోండి. అబ్బాయి విషయంలో కూడా ఒక మాట. వాడు చూసింది చూసినట్లు చెప్పాడు. దాని తర్వాత ఇంట్లో వచ్చిన మార్పుకు తానే కారణమని వాడు అనుకుంటూ ఉండవచ్చు. మీరిద్దరూ మాట్లాడుకున్నాక, వాడి వయసుకు తగినంతలో వాడికీ చెప్పండి.

ఆ తర్వాత ఫోనును మీకు నచ్చినట్లు సర్దుకోండి. అది మీ హక్కు, సంసారంలో దాపరికం లేకపోవడమంటే ప్రతి అడుగూ నమోదు కావాలని అర్థం కాదు. దారి చూపే సూచనలు పనికివస్తాయనుకుంటే ఉంచుకొని, వద్దనుకుంటే టైమ్‌లైన్‌ను ఆపివేసుకోవచ్చు. యాప్‌ల అనుమతుల దగ్గర మాత్రం అందరూ కాస్త శ్రద్ధ పెట్టడం మంచిది. యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే లొకేషన్ ఇచ్చే వీలు ఐఓఎస్‌లో అంతకుముందే ఉన్నా, ఆండ్రాయిడ్‌లో 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి లభిస్తోంది. కచ్చితమైన చోటు కాకుండా ఉజ్జాయింపు ప్రాంతం మాత్రమే తెలిపే వీలు ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 12లతో వచ్చింది; ఆండ్రాయిడ్‌లో ఆ ఉజ్జాయింపు సుమారు 3 చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది. వాతావరణం చెప్పే యాప్‌కు అంతకు మించి అవసరం లేదు. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది గాని, 15 లక్షల మంది మొబైల్ రికార్డులను పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, ఏ పేర్లూ లేకున్నా, చోటు, వేళ కలిసిన నాలుగంటే నాలుగు బిందువులతో 95 శాతం మందిని మిగతావారి నుంచి విడదీయగలిగారు. అనవసరమైన యాప్ చేతికి ఆ నాలుగు బిందువులు ఎందుకు ఇవ్వాలి?

హాజరు యాప్ సంగతి ఇక్కడికే వస్తుంది. ఇలాంటివి సాధారణంగా ఆఫీసు చుట్టూ ఒక వలయం గీసుకొని, ఫోను అందులోకి వచ్చినప్పుడు, బయటికి వెళ్లినప్పుడు గుర్తిస్తాయి. అలా గుర్తించడానికి ఎల్లవేళలా లొకేషన్ అనుమతి అడుగుతాయి, ఉద్యోగం కోసం మనం ఇచ్చేస్తాం. ఉద్యోగం పోయినంత మాత్రాన ఆ అనుమతి పోదు. మీరు తీసేదాకా ఉంటుంది. మీ పాత సంస్థ దాన్ని ఇప్పుడు వాడుతోందని నేను అనడం లేదు, అయినా వారికి మీ లైబ్రరీ గంటలతో పని లేదు. జీతం చీటీలు, హాజరు, సెలవుల వివరాలు ఆ యాప్‌లోనే ఉండి, లెక్కల పరిష్కారం ఇంకా మిగిలి ఉంటే, ముందు వాటి నకళ్లు దించుకోండి. లొకేషన్ అనుమతిని మాత్రం ఈ రోజే రద్దు చేయండి. లెక్కలు తేలాక యాప్‌ను తీసివేయండి.

ఒక చివరి వివరం మిగిలింది. టైమ్‌లైన్‌లో తప్పుగా పడిన చోటు పేరును మార్చే వీలు ఉంది. ఆ రోజును తెరిచి, లాడ్జి బదులు లైబ్రరీని ఎంచుకుంటే రికార్డు సరి అవుతుంది. ఐఫోన్‌లోని సిగ్నిఫికెంట్ లొకేషన్స్ జాబితాలో అలాంటి దిద్దుబాటుకు పెద్దగా అవకాశం లేదు. ఆ సవరణ మీరు చేయదలిస్తే మీ భార్యతో మాట్లాడిన తర్వాత చేయండి, వీలైతే ఆమె చూస్తుండగా. ముందే మార్చేస్తే, ఒకసారి లాడ్జి అని తన కళ్లతో చదివిన ఆమెకు మరోసారి అక్కడ లైబ్రరీ అని కనబడుతుంది.